నాన్న లెమ్మనలేదు

నాన్న తెల్లవారుజామున పోయాడు. పోయినవాణ్ణి పోయాడని చెప్పుకునే రోజులు కావవి. లాగోస్‌లో ప్లేగు. ఎవరు పోయినా దొరల ప్రభుత్వం వాళ్ళు వచ్చి ఎత్తుకెళ్ళి, సున్నం చల్లి ఊరవతల పాతేస్తున్నారు. మా యొరుబావాళ్ళలో ఇంటిపెద్దను ఇంట్లోనే, ఆయన పడుకున్న గదిలోనే పూడ్చాలి. ఆ మాత్రం చెయ్యలేకపోతే నేనేం కూతుర్ని?

తమ్ముడు లసిసి పుట్టాక మొదటిసారి ఒళ్ళు వంచి లోపలి గదిలో గొయ్యి తవ్వుతున్నాడు. పడుకున్న ముసలాళ్ళు కనిపిస్తే చాలు, ఇళ్ళు తనిఖీ చేసేవాడికి అనుమానం. అందుకని నాన్నకు నీలం అంగీ తొడిగి, వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా నడుముని గుడ్డతో కుర్చీకి కట్టాను.

తనిఖీకి ఫగ్బెమి రానే వచ్చాడు. ఖాకీ నిక్కరూ బూట్లూ ఎన్ని తగిలించుకున్నా మావాడే కదా, పెద్దాయన్ని చూడగానే నేలమీద బోర్లాపడి దణ్ణం పెట్టాడు. పెద్దవాళ్ళు దీవించి లెమ్మనేదాకా లేవకూడదు.

నాన్న లెమ్మనలేదు.

"నామీద కోపమా అక్కా, బాబాకి?" అన్నాడు నేలమీంచే.

"ఉండదూ మరి? మొన్న ఆయన కుండలో నీళ్ళు పారబోయించావు."

"అందులో దోమపిల్లలున్నాయక్కా."

"నాకెందుకు చెప్తావు? ఆయనకే చెప్పుకో."

చెప్పుకున్నాడు పాపం. దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో, జ్వరం ఎలా వస్తుందో అంతా చెప్పాడు. నాన్న ఉలకలేదు, పలకలేదు. నేను ఈగలు తోలుతూ నిలబడ్డాను.

"లోపల ఆ చప్పుడేంటి?"

"లసిసి పెండలం దంచుతున్నాడు."

"లసిసి? పనా?" అంటూ దగ్గరికి పాకి నాన్న పాదం ముట్టుకున్నాడు. ముట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తర్వాత మెల్లగా అన్నాడు. "బాబా, మీ ఒంటిమీద ప్లేగు గడ్డేమైనా ఉంటే చెప్పండి. లేకపోతే ఏమీ అనకండి. నా దారిన నేను పోతాను."

నాన్న ఏమీ అనలేదు. నేను గెలిచాను.

అప్పుడే లోపల, గొయ్యి కోసం పక్కకి జరిపి పడుకోబెట్టిన నా చిన్నకూతురు నిద్రలేచింది. "మావయ్యా, నేను పడుకునే చోటంతా తవ్వేశావు. రాత్రికి చాప ఎక్కడ వేసుకోను?" అంది.

"దానిమీదే వేసుకుందువుగానిలే," అన్నాడు లసిసి.

ప్లేగుతో పోయిన మనిషిమీద నా పిల్ల రోజూ పడుకోవాలన్నమాట.

"ఎడం చంకలో," అన్నాను. "కోడిగుడ్డంత ఉంది."

ఫగ్బెమి తలూపాడు, కానీ లేవలేదు.

"ఇంకా పడుకున్నావేం? వెళ్ళి నీ మనుషుల్ని పిలుచుకురా."

"బాబా ఇక అనలేడు. ఈ ఇంటికి పెద్ద ఇప్పుడు నువ్వేనక్కా. నువ్వే లెమ్మనాలి."

తెల్లవారినప్పటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కాసేపు ఏడ్చి, "లే నాయనా, చల్లగా ఉండు," అన్నాను.

ఒళ్ళంతా మట్టితో లసిసి గుమ్మంలోకొచ్చాడు. "నడుం లోతు వచ్చిందక్కా. చాలా, ఇంకా తవ్వనా?"

"పూడ్చెయ్‌రా," అన్నాను.

"నాన్నని తీసుకురానా మరి?"

"వద్దు. గొయ్యి పూడ్చెయ్."