గీత పడని బండి

నత్త తన టాక్సీ అద్దం తుడుస్తున్నాడు. తడిగుడ్డ అయింది, పొడిగుడ్డ అయింది, ఇప్పుడు చూపుడువేలికి బట్ట చుట్టి మూలల్లో పేరుకున్న మట్టి తీస్తున్నాడు. ఎడమ భుజం లాగింది. రాత్రి పక్క మీద సరిగా పడుకోలేదేమో అనుకుని చెయ్యి ఒకసారి విదిలించి, మళ్లీ పనిలో పడ్డాడు.

నత్త అని పిలిచి పిలిచి, అతని అసలు పేరు టాక్సీ స్టాండులో ఎవరికీ గుర్తులేదు. ఖాళీ మలుపులో కూడా హారను కొడతాడు, పసుపు దీపం కనబడితే చాలు ఆగిపోతాడు. "నీ బండిలో పురిటికి బయల్దేరితే బిడ్డ నడుచుకుంటూ దిగుతుంది" అని తోటి డ్రైవర్లు నవ్వితే, తనూ నవ్వేవాడు. ఇన్నేళ్లలో ఆ కారు ఒక్క మనిషిని తాకలేదు.

భార్య గుమ్మంలోంచి కేకేసింది. "ఇన్సూరెన్సుకి ఇవాళే ఆఖరు."

"తెలుసులేవే."

"ఎప్పుడూ బండికే కడతావు. ఈసారి నీకూ ఏదైనా వచ్చేది ఉందేమో అడుగు."

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లను రోజూలాగే గేటు దగ్గర దింపి, అతను జిరాక్సు షాపుకు వెళ్లాడు. దాని వెనకభాగంలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని ఏజెంటమ్మ కూర్చుంటుంది. యంత్రం వేడికి ఆ గదిలో ఫ్యాను గాలి కూడా ఉడుకుగానే తగులుతుంది.

"ఫుల్ ఇన్సూరెన్సా అన్నయ్యా, థర్డ్ పార్టీయా?"

"తేడా మళ్లీ చెప్పమ్మా. ఏటా వింటాను, ఏటా మర్చిపోతాను."

"థర్డ్ పార్టీ అంటే, నీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకి. ఫుల్ అంటే నీ బండి బాగుచేతకి కూడా. కానీ నీ బండి పాతబడిపోయింది. మొత్తం నుజ్జయినా కంపెనీ ఇచ్చేది ఇవాళ్టి ధరే, నువ్వు కొన్న ధర కాదు."

"ఇవాళ్టి ధరంటే ఇనుపకొట్టు ధరేగా!"

ఆమె నవ్వింది. ఇంకో రెండు కంపెనీల రేట్లు కూడా కంప్యూటర్లో తీసి చూపించింది. అతను తెర మీదికి వంగి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు.

"బండిలో ఎక్కినవాళ్లకో?"

"అది కలుపుకోవచ్చు."

తన గురించి అడగాలంటే ఎందుకో సిగ్గేసింది. "మా ఆవిడ అడగమంది... నడిపేవాడి సంగతి?"

"ప్రమాదంలో నడిపేవాడికేమైనా అయితే ఇంట్లోవాళ్లకి వస్తుంది. అదీ చవకే. బండి దెబ్బల సంగతి వదిలేసి ఈ రెండూ కలుపుకో. ఫుల్ కన్నా తక్కువలో పడుతుంది."

బండికి సొట్ట పడితే సుత్తితో తనే సరిచేసుకోగలడు. మనుషుల సంగతి అలా కాదు. సరేనన్నాడు.

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. "నీ మాటే విన్నాను. నాకేమైనా అయితే నువ్వు మహారాణివి."

"నోర్ముయ్" అని పెట్టేసింది.

సాయంత్రం లాండ్రీవాళ్లు ఎక్కారు. కారంతా సబ్బు వాసన. వయసులో పెద్దదైన, అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె ముందు సీట్లో కూర్చుంది. వెనకనున్న ఇద్దరూ, మందునీళ్లకు పగిలిపోయిన అరచేతులకు ఏం రాసుకోవాలో మాట్లాడుకుంటున్నారు. వంతెన ఎక్కేటప్పుడు అతని మాట ఆగిపోయింది. మెడ మీంచి చెమట ధారగా కారుతోంది.

"ఏం తమ్ముడూ, అలా ఉన్నావు?"

అతను వంతెన దిగాక ఎడమవైపు ఇండికేటర్ వేశాడు. అద్దంలో చూసి, వెనకాల వస్తున్న లారీని ముందుకు పోనిచ్చాడు. తెల్లగీత దాటించి బండిని రోడ్డు అంచున ఆపాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఇంజను ఆపాడు.

"ఒక్క నిమిషం అక్కా" అని స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, వాటి మీద నుదురు ఆనించాడు.

అలసిపోయాడు పాపం అనుకుని వాళ్లు గొంతు తగ్గించారు. ఇండికేటర్ టిక్కుటిక్కుమంటూనే ఉంది. చాలాసేపటికి పెద్దక్క అతని భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

దినాలు గడిచాక ఏజెంటమ్మ ఇంటికొచ్చింది. ఇచ్చిన నీళ్లు తాగలేదు.

"వదినా, కంపెనీవాళ్లతో గట్టిగానే మాట్లాడాను. గుండె ఆగిపోవడం ప్రమాదం కిందికి రాదంటున్నారు. బండి దేనికీ తగల్లేదు కదా..."

"తగిలుంటే?"

ఏజెంటమ్మ గ్లాసువైపు చూసింది. "తగిలుంటే, అడగడానికి ఏదో ఒకటి ఉండేది."

భార్య వీధిలో నిలిపి ఉన్న కారు వైపు చూసింది. ముందు నుంచి వెనక దాకా ఒక్క గీత లేదు.

"బండిలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఆయన తగలనిస్తాడా?" అంది.

మర్నాడు బండి కొనేవాడు వస్తానన్నాడు. లోపల ఏమైనా ఉన్నాయేమో తీసేద్దామని ఆమె డ్రైవరు వైపు తలుపు తెరిచింది. సబ్బు వాసన ఇంకా పోలేదు. సీటు మీద, ఎత్తు చాలక అతను వేసుకునే చిన్న దిండు, మధ్యలో గుంటపడి, ఎడమవైపుకు కాస్త ఎక్కువ కుంగి ఉంది.