కుంకుమ మచ్చల పియోనీ

పరంధామయ్యగారికి పేరు తెలియని పువ్వు ఈ భూమ్మీద లేదు. తెలియకపోతే ఆయనే ఒక పేరు పెట్టేస్తారు. తర్వాత ఆ పువ్వే వచ్చి మొరపెట్టుకున్నా వినరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయన బ్యాంకులో రిటైరై సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో ఉంటారు. మా తెలుగువాళ్ళ పూల ఫోటోల వాట్సాప్ గ్రూపును ఏలుతుంటారు. ఏటా ఉగాదికి పాయా లేబర్‌లో ఒక హాలు తీసుకుని మేం తీసిన ఫోటోలు గోడకు పెట్టిస్తారు. ఆ గోడకు ఆయన పెట్టిన రూలు ఒక్కటే. పువ్వు పేరు తప్పు రాస్తే ఫోటో గోడ దిగాలి.

పోయిన ఏడాది నాది దిగింది. చల్లటి అద్దాల తోటలో గులాబీరంగు పియోనీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని తీశాను దాన్ని. పియోనీ అంటే చలిదేశాల పువ్వు. మన ముద్దగులాబీని రెండింతలు చేసినట్టుంటుంది, సింగపూర్ ఎండలో బతకదు. అందులోనూ వందేళ్ళు దాటిన పాతరకాలంటే పరంధామయ్యగారికి ప్రాణం. నేను రాసిన పేరు చదివారు, కళ్ళజోడు సర్దుకున్నారు, అందరి ముందూ ఫోటో దించేశారు.

"రాజామణిగారూ, మీ ఫోటోలు బాగానే ఉంటాయండీ. గుడ్ మార్నింగ్ మెసేజీలకి బాగా పనికొస్తాయి" అన్నారు.

ఆ మాట ఏడాదంతా నా చెవిలో జోరీగలా తిరిగింది. నేను పుట్టింది మలేషియాలో, తెలుగు నేర్చింది మా అమ్మమ్మ ఒడిలో, కెమెరా పట్టింది అరవై దాటాక. నన్ను ఎవరేమన్నా తుడిచేసుకుని పోతాను. కానీ గోడమీద ఒంటరిగా మిగిలిపోయిన ఆ మేకును మాత్రం మరిచిపోలేకపోయాను. ఈసారి నా ఫోటో గోడ ఎక్కాలి, ఎక్కాక దిగకూడదు. నాకు కావలసింది అంతే.

చైనావాళ్ళ కొత్త సంవత్సరం ముందు హౌగాంగ్‌లో మా బ్లాకు దగ్గరి పూలకొట్టుకు తెల్ల పియోనీలు వచ్చాయి. బకెట్ మీద పేరు కూడా రాసి ఉంది, డచెస్ ద నెమూర్ అని. పాతరకమే! ధర విని గుండె ఆగినంత పనైంది కానీ ఒక కట్ట తెచ్చేసుకున్నాను. మర్నాడు పొద్దున్నకి ఒకటి విచ్చుకుంది. కెమెరా తెచ్చుకుందామని లోపలికి వెళ్ళొచ్చేసరికి కూజాలో అది లేదు. మా ఆయన జానకిరామయ్య దాన్ని దేవుడి పటం ముందు పెట్టి పూజ మొదలుపెట్టేశారు.

"అయ్యో, ఏంటండీ ఇది! ఫోటో తీయకముందే?"

"మొదట విచ్చింది స్వామిది. నువ్వు మిగతావి తీసుకో లా" అన్నారు గంట వాయిస్తూ, చివర సింగపూర్‌వాళ్ళ 'లా' తగిలించి.

మిగతావన్నీ మూతి బిగించుకున్న మొగ్గలు. మా ఆయనకు అన్నిటిలో పిసినారితనమే, ఒక్క పూజలో తప్ప. ఆయన కుంకుమ చల్లితే స్వామికి సగం, గోడకు సగం. అక్షింతలైతే వారం తర్వాత కూడా సోఫా కింద దొరుకుతాయి. పళ్ళు కొరుకుతూ నిలబడ్డాను. హారతి అయ్యేసరికి కిటికీలోంచి వెలుగు సరిగ్గా పువ్వు మీద పడింది. పైరేకులు దోసిలి పట్టినట్టున్నాయి, లోపలి రేకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వస్తున్నాయి, నడుమ లేత పసుపు కాంతి. నాకు కోపం పోయింది. ఇంత అందం నా వంటింటి పక్కనా అనిపించి కళ్ళు చెమర్చాయి. వంగి, ఊపిరి బిగబట్టి ఫోటో తీశాను.

పేరు రాసి గ్రూపులో పెట్టిన కాసేపటికే ఫోన్ మోగింది. పరంధామయ్యగారు.

"రాజామణిగారూ! డచెస్ ఏంటండీ, నడుమ ఆ ఎర్ర మచ్చలు చూశారా? ఫెస్టివా మాక్సిమా అది! తెల్ల పువ్వుకి రక్తం చిందినట్టు మచ్చలుంటే ఇంకోటి అయ్యే ఛాన్సే లేదు."

"బకెట్ మీద డచెస్ అనే రాసుందండీ."

"కొట్టువాళ్ళు రాసేదానికి వేల్యూ ఏముందండీ? సరే, వాసన ఎలా ఉంది?"

"దేవుడి పువ్వండీ. వాసన ఎట్లా చూస్తాను?"

"ఆఁ, అదీ నిజమేలెండి" అన్నారు. దేవుడికి పెట్టే పువ్వును మూచూసే తెలుగువాడు ఎక్కడుంటాడు? ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ చూడలేదు. సాయంత్రానికల్లా గ్రూపులో ప్రకటన వచ్చేసింది. ఈ ఏటి పెద్ద ఫోటో రాజామణిగారిది, గుమ్మానికి ఎదురుగా, మనిషంత ఎత్తున పెట్టిస్తాం, పేరు ఫెస్టివా మాక్సిమా!

మా ఆయన నా భుజం మీదుగా చదివారు.

"ఎర్ర మచ్చలా? అది నా కుంకుమ కదా!"

ఫోటోను పెద్దది చేసి చూశాను. కుంకుమే. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత దడ పట్టుకుంది. చెబితే ఫోటో గోడ ఎక్కకముందే దిగుతుంది. అయినా నేను అబద్ధమాడానా? రాసింది నిజం పేరే. దిద్దింది ఆయన.

"ఉగాది దాకా ఆ నోరు మకాన్‌కి, తిండికి తప్ప తెరవకండి" అన్నాను మా ఆయనతో. ఆయన తల ఊపారు. కానీ ఆ నోట్లో నువ్వుగింజ నానదని పెళ్ళైనప్పటి నుంచీ నాకు తెలుసు.

ఉగాదినాడు హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా నా పువ్వు. అంత పెద్దగా దాన్ని నేనూ చూడలేదు. కింద నా పేరు. కొత్త చీర కట్టుకున్న పెళ్ళికూతురిలా దాని పక్కనే నిలబడ్డాను. పరంధామయ్యగారు మైకు పట్టుకున్నారు.

"ముందు నుంచి తీసేది పాస్‌పోర్ట్ ఫోటో అండీ. పాతరకాన్ని గుర్తుపట్టాలంటే వెనక చూడాలి, ఆకు చూడాలి, అన్నిటికంటే ముందు వాసన చూడాలి. కానీ అనుభవం ఉన్న కంటికి ఈ మచ్చలు చాలు..."

అప్పుడు ముందు వరసలోంచి లలితకుమారి ఆంటీ లేచారు. కరీంనగర్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళైనా ఆవిడ మాట మారలేదు. ఫోటో దగ్గరికి వచ్చి, చెప్పులు విడిచి, చేతులు జోడించారు.

"ఏ గుళ్ల తీసినవమ్మా ఈ ఫోటో? కుంకుమ, అక్షింతలు ఎంత మంచిగ కనవడుతున్నయ్!"

హాలంతా ఫోటో వైపు తిరిగింది. ఎడమవైపు రేకుల సందులో, నా వేలంత పొడవున, పసుపు పూసిన బియ్యపుగింజ. పరంధామయ్యగారు ఇంతసేపూ దాన్ని కేసరం అనుకున్నట్టున్నారు.

"గుడి కాదమ్మా, మా ఇల్లే!" వెనక నుంచి చేతిలో వడతో మా ఆయన అరిచారు. "ఆ కుంకుమ చల్లింది నేనే!"

నవ్వులు చుట్టుముట్టాయి. పరంధామయ్యగారి ముఖం ఆ మచ్చలకంటే ఎర్రబడింది. మళ్ళీ అందరి ముందూ నా పువ్వు దిగిపోబోతోంది. అయినా తల వంచదలచుకోలేదు.

"రూలు రూలే కదండీ" అన్నాను. "పేరు తప్పింది, దించేయండి. పేరు పెట్టిందెవరో మాత్రం మైకులో చెప్పి దించండి."

ఆయన స్టూలెక్కి ఫ్రేము మీద చెయ్యి వేశారు.

"అయ్యో, దేవుని పువ్వు! పండుగ పూట దించుతరా? అపచారం!" అన్నారు లలితకుమారి ఆంటీ.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. దించితే దేవుడితో తగువు, ఉంచితే సొంత రూలుతో తగువు. ఆ స్టూలు మీద ఆయన అటూ ఇటూ చూస్తుంటే నాకు జాలి కూడా వేసింది, కొంచెమే. చివరికి దిగివచ్చి జేబులోంచి పెన్ను తీశారు. ఫెస్టివా మాక్సిమాను కొట్టేసి, కింద చాలాసేపు రాశారు. ముందుకు వంగి చదివాను.

పువ్వు: డచెస్ ద నెమూర్. ఫోటో: రాజామణి. మచ్చలు: జానకిరామయ్య.

నేను ఏడాదంతా ఏడ్చి సాధించిన గోడను మా ఆయన చిటికెడు కుంకుమతో ఎక్కేశారు! వడ నములుతూ ఆ పేరు ముందు నిలబడి ఫోటో కూడా తీయించుకున్నారు.

"ఇంతకీ వాసన ఎలా ఉంటుందమ్మా?" పరంధామయ్యగారు మెల్లగా అడిగారు.

"మర్నాడు పటం ముందు నుంచి తీశాక చూశాను. ఇల్లంతా అదే" అన్నాను. "వచ్చే ఏడు ఒకటి మీకిస్తాను. మా ఆయనకు దొరక్కుండా."

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. గ్రూపులో పరంధామయ్యగారి మెసేజ్. నా పువ్వే, కుంకుమతో, అక్షింతతో. దాని కింద ఆయన చేత్తో టైపు చేసిన రెండు మాటలు.

గుడ్ మార్నింగ్.