కహాలేవాయి వారి శ్రుతి

సాలమన్ బాబాయ్ కాలిగోళ్ళు నేనే తీస్తాను. చక్కెర జబ్బుతో ఆయన పాదాలకు స్పర్శ పోయింది. చర్మం తెగినా తెలియదు. ఆదివారం మా వసారాలో గోరువెచ్చని నీళ్ళు పెట్టి, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చుంటే గిల్బర్ట్ గుమ్మంలోంచి చూశాడు. "నా కాళ్ళు కూడా ఇరవయ్యారేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉన్నాయి" అన్నాడు. గిల్బర్ట్ నా మొగుడు. "నీ కళ్ళకి నీ కాళ్ళు కనబడతాయి కదా, తీసుకో" అన్నాను. బాబాయ్ నవ్వలేదు. తన పనులు చేసే మనిషి మొగుడికి ఎదురు చెప్పడం ఆయనకు నచ్చదు.

బాబాయ్ నాకు చుట్టం కాదు. వైకీకీ సముద్రతీరంలో ఒక హోటల్ తోటలో వాయించే నలుగురి బృందానికి నాయకుడు. ఇరవయ్యొక్కేళ్ళ కిందట, ఆడది మనిషెత్తు బాస్ వాయిద్యాన్ని కావలించుకుని నిలబడితే ఎబ్బెట్టుగా ఉంటుందని మా అత్తగారితో సహా అందరూ అన్నప్పుడు, ఆయన ఒక్కడే నన్ను పనిలో పెట్టుకున్నాడు. మా అమ్మ పోయిన రోజు సమాధి దగ్గర నాలుగు గంటలు కూర్చోకుండా పాడాడు. ఇవి నేను మరిచిపోలేదు. నలుగురి చొక్కాలూ ఇస్త్రీ చేసింది నేనని, నలుగురి మెడల్లో పూలదండలూ కట్టింది నేనని, పాటలకు వరసలు కుదిర్చింది నేనని, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి ఆయన్ను కొండ సొరంగం దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనని కూడా మరిచిపోలేదు. నేను చేసిన వాటిలో చొక్కాలు మాత్రం ఆయనకు గుర్తుంటాయి, అదీ అవి నలిగిన రోజున.

మా దీవుల్లో గిటార్ తీగలు వదులు చేసి వాయిస్తారు. ఎంత వదులు, ఏ తీగ అన్నది ఒక్కో ఇంటి గుట్టు. అది రక్తసంబంధం దాటి పోదు. హోటల్ వంటగది పక్కన బాబాయ్ గోడవైపు తిరిగి తమ కహాలేవాయి ఇంటి శ్రుతి చేసుకునేవాడు. మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తే తీగలన్నీ చెడగొట్టి మరీ వెళ్ళేవాడు. హోటల్ వంటవాళ్ళు దొంగిలిస్తారని కాదు. మిగతావాళ్ళు తోటలోకి వెళ్ళాక అక్కడ మిగిలేది నేనొక్కదాన్నే. ఇరవయ్యొక్కేళ్ళు నా ఎదుటే చెడగొట్టాడు.

కిందటి వేసవిలో ఆయన వేళ్ళు కూడా మొద్దుబారాయి. బిరడాలు తిప్పలేకపోయాడు. ఒకరోజు నన్ను పిలిచి తలుపు వెయ్యమన్నాడు. ఒక్కో తీగా ఎంత దించాలో చెవిలో చెప్పాడు. "ఇది నీకు చెబుతున్నట్టు కాదు రోవేనా. నా వేళ్ళకి చెప్పుకుంటున్నాను" అన్నాడు. నేను బిరడాలు నెమ్మదిగా, తెలియనట్టు తిప్పాను. ఆయన వెనక నిలబడి బాస్ వాయించేదానికి ఆ శ్రుతి తెలియకుండా ఎలా ఉంటుంది? మొదటి ఏడాదే తెలిసింది. తెలిసీ, ఇంట్లో నా గిటార్ వాయించుకునేటప్పుడు కూడా ఒక్కసారి ఆ శ్రుతి పెట్టలేదు. దాన్ని స్నేహమనుకున్నాను. ఆయన దాన్ని నా చేతగానితనం అనుకున్నాడని ఆ రోజు అర్థమైంది.

గోళ్ళు తీసిన ఆదివారమే ఆయన మేనల్లుడు క్లేటన్ వచ్చాడు. టైర్ల దుకాణంలో పని. సముద్రం ఒడ్డున స్నేహితులతో కూర్చుని యుకలేలె అనే బుల్లి గిటార్ మీటుతాడు. బాబాయ్ తన గిటార్ వాడి ఒళ్ళో పెట్టించాడు.

"శుక్రవారం నుంచి నా కుర్చీలో నువ్వు కూర్చుంటావు."

"నాకు ఆ శ్రుతి రాదు మావయ్యా."

"నీకు రానక్కర్లేదురా. రోవేనా చేసి పెడుతుంది. నువ్వు వాయించు చాలు."

"అలాగైతే చొక్కా కూడా ఇస్త్రీ చేస్తావా పిన్నీ?" అన్నాడు క్లేటన్. వాడు చెడ్డవాడు కాదు. అడిగితే దొరుకుతుందని చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, అంతే.

నా ఒళ్ళో ఇంకా బాబాయ్ కుడిపాదం ఉంది. అది ఎంత బరువుగా ఉందో అప్పుడే తెలిసింది. నేను ఈయన వేళ్ళని. రేపటి నుంచి వీడి వేళ్ళని. ఇంట్లో గిల్బర్ట్‌కు ఏమవుతానో లెక్కే లేదు. ఎవరి ఒంట్లోనో ఒక భాగంగా బతకడానికి అలవాటు పడ్డ మనిషికి తన సొంత ఒళ్ళు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పాదం తుడిచి, చెప్పులో పెట్టి, లేచాను. క్లేటన్ ఒళ్ళోంచి గిటార్ తీసుకున్నాను. గోడవైపు తిరగలేదు. వాళ్ళకెదురుగా కూర్చుని శ్రుతి చేసి, బాబాయ్ వాళ్ళమ్మ కట్టిన పాట మొదటి నుంచి చివరి దాకా వాయించాను.

క్లేటన్ నోరు తెరిచి విన్నాడు. బాబాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అది మా రక్తానిది" అన్నాడు.

"శుక్రవారం ఆ కుర్చీలో నేను కూర్చుంటాను బాబాయ్. క్లేటన్‌కు బాస్ నేర్పుతాను. చొక్కా వాడే ఇస్త్రీ చేసుకుంటాడు."

"హోటల్ వాళ్ళకి ఒక్క మాట చెబితే నీ పనే ఉండదు."

"చెప్పు."

రాత్రి అన్నం దగ్గర గిల్బర్ట్ అన్నాడు, "చావబోయే మనిషిని అలా బాధపెట్టొచ్చా?" ఆయన చావబోతున్నాడని నాకంటే ఎవరికి తెలుసు? ఆయన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే వారానికి మూడుసార్లు పక్కన కూర్చునేది నేను. మా ఇద్దరి కంచాల్లో నాది మాత్రమే కడుక్కుని వెళ్ళి పడుకున్నాను.

సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆయన కిటికీవైపే తిరిగి కూర్చున్నాడు. బుధవారం కూడా. నీళ్ళ సీసా అందిస్తే తీసుకున్నాడు, అంతే. ప్రతి పూటా హోటల్ నుంచి ఫోన్ వస్తుందని చూశాను. రాలేదు. అలాగని ఆయన క్షమించాడని అనుకోలేదు. నేనూ ఆయన్ని క్షమించలేదు. అయినా టైముకి కారు తీశాను. మనిషి మీద కోపం ఉంటే మనిషిని వదిలెయ్యాలని నాకెవరూ నేర్పలేదు.

శుక్రవారం పొద్దున సొరంగం దాటి వెలుతుర్లోకి వచ్చాక ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే నోరు తెరిచాడు.

"ఆదివారం నాలుగో తీగ ఒక పిసరు ఎక్కువ బిగించావు."

"తెలుసు. నాకు అలాగే కావాలి."