ఐలేసా జట్టు

మా ఆవిడ రాజకుమారి పోయాక మా పెరడు మూగబోయింది. పక్కింటి నీలవేణి ఏడుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని వచ్చి, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ, లయగా కేకలు పెడుతూ సాధన మొదలెట్టాక మళ్లీ దానికి నోరొచ్చింది. విదేశాల్లో ఇలాంటి జట్లకు పోటీలు జరుగుతాయని ఫోన్లో చూశారట.

నీలవేణి వాళ్లమ్మ గౌరి మాత్రం ఒకటే మాట అంది. "ఆటైతే ఆడు. గెంతులైతే సాయంత్రాలు నాతో సేపలెండబెట్టు. నాగబాబు మేస్టారేటంటే అదే."

నాగబాబు బడిలో పీఈటీ. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఒక్కసారి చూడమని సాయంత్రం మా భావనపాడు సముద్రపు ఒడ్డుకు తీసుకొచ్చాను. గౌరి కూడా చేపల గంప పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఆటంటే ఎదుటి జట్టుండాల మేస్టారూ," అన్నాడు నాగబాబు చేతులు కట్టుకుని. "ఈ ఆడగుంటలు ఎవర్ని ఓడిస్తారు?"

"లాంగ్‌జంప్‌లో ఎదుటి జట్టేదిరా?"

"మీరలా అడ్డంగా అడక్కండి."

"కింద పడితే మేం ఓడిపోయినట్టు సార్," అంది నీలవేణి.

"అలాగైతే మా తాగుబోతు మావ కూడా రోజూ ఆటాడతన్నాడే!"

పిల్లలు కిసుక్కుమన్నారు. నీలవేణి నవ్వలేదు. చెప్పులు విడిచి, జట్టు మీదకి ఎక్కింది. రెండో వరుస లేచింది. ఆమెను అందరికన్నా పైకెత్తేందుకు, నాన్నల దగ్గర నేర్చిన కేకే పెట్టారు పిల్లలు.

"ఐలేసా! జోరుసెయ్!"

మా ఊళ్లో పడవ లాగే కేక వినపడితే ఒడ్డున ఉన్నవాడెవడూ ఊరికే నిలబడకూడదు. పడవ ఎవరిదని అడక్కూడదు. నాగబాబు ఈల ఇసకలో పడేసి పరుగెత్తి, పిల్లల మధ్య భుజం దూర్చాడు. గౌరి గంప వదిలేసి కూతురి మడమ పట్టుకుంది. గంప మీద కాకులు వాలాయి.

"ఒసే, బేగి దిగే! నా భుజం పోతన్నాది!" అని అరిచాడు నాగబాబు.

"ఆటో గెంతులో సెప్పండి సార్, దిగుతాను."

"ఆటే తల్లీ, ఆటే!"

దిగింది. నాగబాబు ఇసకలో కూలబడి చాలాసేపు రొప్పాడు. "నొప్పికి అన్న మాట లెక్కలోకి రాదు," అన్నాడు చివరికి. పిల్లల మొహాలు వాడిపోయాయి. అతను వాళ్ల మోకాళ్లకంటిన ఇసక చూశాడు. "ఇప్పుడు కూకుని సెప్తన్నాను. కబడ్డీలో కూడా నాకింత ఊపిరాడకుండా అవలేదు. ఇది ఆటే."

గౌరి కాకుల్ని తోలుతూ, కూతురి వైపు చూడకుండానే అడిగింది: "రేపు ఎన్నింటికే?"

నేను చేసిందేమీ లేదు. నేను వెళ్లేసరికి పట్టుకోవడానికి చోటు మిగల్లేదు. అలల్లోకి జారిపోతున్న నీలవేణి చెప్పులు మాత్రం అందుకున్నాను. తిరిగిస్తుంటే, "మీరూ మా జట్టే తాతా," అంది.