చెయ్యి ఎత్తితే ఆపాలి

"పేషెంటు చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆపేస్తూ కూర్చుంటే మన క్లినిక్కుకి తాళం వేసుకోవడమే" అన్నాడు భర్త. ఆమె ఆయన తెల్లకోటు ఇస్త్రీ చేస్తోంది. కాలరు దగ్గర ఒక ముడత మిగిలిందని ఆయన చూపుతోనే చెప్పాడు. ఆమె ముడత మీద ఇస్త్రీపెట్టె నడిపించింది.

ఆమె కూడా దంతవైద్యురాలే. ఆయన చదివిన కాలేజీలోనే, ఆయనకంటే మంచి మార్కులతో చదివింది. క్లినిక్కు బోర్డు మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో పైన ఉంటుంది. ఆమె పేరు కింద, ఫోను నంబరు పక్కన సర్దుకుని ఉంటుంది. వచ్చేవాళ్ళకు ఆయన డాక్టరుగారు, ఆమె మేడమ్. మొండికేసే పిల్లలూ, కట్టుడుపళ్ళ ముసలివాళ్ళూ, సాయంత్రం పరికరాలన్నీ కడిగి ఆవిరిపెట్టెలో పెట్టడమూ, తుడిచే మనిషి రానిరోజు నేలా ఆమె వంతు. ఇవన్నీ ఆమెకు ఎవరూ అప్పగించలేదు. ఎవరూ అప్పగించని పనులు ఏ దారిన వచ్చి తన చేతుల్లోనే పడతాయో ఆమె ఒకప్పుడు ఆలోచించేది. ఆలోచించడానికి కూడా తీరిక కావాలని తెలిసాక మానేసింది.

"పన్ను ఊడి వచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"వేరు విరిగిందా?"

"లేదు."

"మరి ఏడుపెందుకు? నేనైనా అదే చేసేవాణ్ణి" అని, ఆయన కోటు అందుకుని, ఆ బుధవారాల దండగ ఇక చాలనీ, ఇవాళే ఆఖరుసారని అక్కడ చెప్పేసి, ఒంటిగంటకల్లా వచ్చెయ్యమనీ అన్నాడు. పక్కగదిలోంచి అత్తగారు, మా వాడు కాబట్టి ఇన్నాళ్ళు పోనిచ్చాడని గోడకు వినిపించేలా చెప్పుకుంది. మా వాడు ఒక్కనాడూ భార్యమీద చెయ్యి చేసుకోలేదన్నది ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పే మొదటి మాట. మా కోడలు నోట్లో నాలుక లేని మనిషి అన్నది రెండోది. ఈ రెండో మాట విన్నప్పుడల్లా ఆమెకు, నోటి లోపలి సంగతి తనకంటే ఈవిడకే బాగా తెలుసునేమో అనిపించేది.

బుధవారం పొద్దున ఆమె వెళ్ళేది ఒక పాత భవనంలో పై అంతస్తుకి. చిత్రహింసలు పడి బతికి బయటపడ్డవాళ్ళు అక్కడికి వస్తారు. విరిచికట్టిన భుజాలకూ, చితికిన పాదాలకూ ఒక గదిలో వైద్యం జరుగుతుంది. నిద్రపట్టని మనసుకు ఇంకో గదిలో. చివరి గదిలో పళ్ళవైద్యానికి ఒక పాత కుర్చీ ఉంది. ఆ గదికి కొన్ని నియమాలున్నాయి. తలుపు మూయకూడదు. చెప్పకుండా లైటు వేయకూడదు. కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చకూడదు. ప్రతి పరికరాన్నీ ముందు వాళ్ళ అరచేతిలో పెట్టి చూడనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, చెయ్యి ఎత్తితే ఆపాలి. నోట్లో ఏమున్నా సరే, పని ఎంతలో ఉన్నా సరే, ఎందుకని అడగకుండా ఆపాలి.

"ఆపు అన్న మాటకి విలువ లేదని నేర్పడమే వాళ్ళు వీళ్ళకి చేసింది, మేడమ్" అని మొదటిరోజే కౌన్సెలర్ చెప్పింది. ఆవిడ ఆ చోటంతటికీ పెద్దదిక్కు. గట్టిగా నవ్వే మనిషి. "నొప్పి దానికి పనిముట్టు. మనం చేసే వైద్యమల్లా ఆ మాటకి విలువ తిరిగి తెచ్చిపెట్టడమే."

ఒక టీచరు వచ్చింది ఆ కుర్చీలోకే. పిల్లలకు భూగోళం చెప్పే మనిషి. ఏ నేరానికి పట్టుకున్నారో ఆమె చెప్పలేదు, డాక్టరమ్మ అడగలేదు. ఎడమవైపు కింది దవడపళ్ళు రెండింటిని ఒకదాని తర్వాత ఒకటిగా, తీరుబడిగా విరగ్గొట్టారు. చిగుళ్ళలో వేర్లు మిగిలి కుళ్ళుతున్నాయి. మొదటిరోజు టీచరు నోరే తెరవలేదు. కూర్చుని చెయ్యి ఎత్తింది. డాక్టరమ్మ తన చేతిలోని నోటి అద్దం ట్రేలో పెట్టి వెనక్కి జరిగింది. చెయ్యి దిగింది. అద్దం తీసుకోగానే మళ్ళీ లేచింది. ఆ పూటంతా అదే. వెళ్ళేటప్పుడు టీచరు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి డాక్టరమ్మ, చదువుకున్న చదువుకి ఇవాళ అర్థం దొరికిందనుకుంటూ ఇంటికి వచ్చి భర్తకు చెప్పుకుంది. "నువ్వు పన్ను పీకడానికి వెళ్తే ఆవిడ నీకు క్లాసు పీకిందన్నమాట" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే జోకు కూడా తెలియదంటాడు.

అలా ఎన్నో బుధవారాల తర్వాత టీచరు మొదటి వేరు తీయనిచ్చింది. ఆ రోజు క్లినిక్కులో ఆయన ఒక పెద్ద ఆపరేషను పెట్టుకున్నాడు. పక్కన నిలబడి పరికరాలు అందించడానికి ఆమె కావాలి. ఆమె జేబులో ఫోను అదురుతూనే ఉంది. వేరు సగం కదిలింది. అప్పుడు టీచరు చెయ్యి లేచింది. ఆమె చూసింది. చూసి, "ఇంకొక్క క్షణం, అయిపోయింది" అంది; పటకారు తిప్పింది. వేరు ముక్కలవకుండా, పాఠ్యపుస్తకంలో బొమ్మలా బయటికి వచ్చింది.

టీచరు చెయ్యి మెల్లగా దిగింది. నోరు తుడుచుకుని ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. అది కృతజ్ఞత కాదు. బతికి బయటపడాలంటే ఎవరికి దండం పెట్టాలో తెలిసినవాళ్ళు పెట్టే దండం. తర్వాతి బుధవారం టీచరు రాలేదు. కౌన్సెలర్ దగ్గరికీ రాలేదు. తలుపు తట్టినా తీయలేదు.

ఇంకొక్క క్షణం, అయిపోయింది. ఆ మాట తన నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందని ఆమె ఆ రెండు వారాలూ, అంట్లు తోముతూ, పరికరాలు కడుగుతూ, ఎవరివో దంతాల అచ్చులు పోస్తూ వెతికింది. పెద్దగా వెతకనక్కరలేకపోయింది. పెళ్ళయిన కొత్తలో చీకట్లో, వద్దని ఆయన భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఆమె చెవిలో పడిన మాట అదే. చాలా మెత్తగా, ప్రేమగా అన్నాడు కూడా. పురుటి మంచం మీద, మత్తు ఇమ్మని అడిగినప్పుడు అత్తగారు అన్నదీ అదే. ఒక్క బిడ్డ చాలనుకున్నప్పుడు, పై చదువుకు సీటు వచ్చినప్పుడు, బోర్డు మీద అక్షరాలు సమానంగా రాయించమన్నప్పుడు, జ్వరంతో క్లినిక్కులో నిలబడలేనన్నప్పుడు, ఇంకొంచెం, ఇంకొన్నాళ్ళు, ఇదొక్కటి గడవనీ. ఎవరూ ఆమెను కొట్టలేదు. ఎవరూ ఆపనూ లేదు. అన్నీ ఆమె పంటి బిగువున భరించింది. ఇది మాటవరసకు అనుకున్నది కాదు. రాత్రి నిద్రలో ఆమె పళ్ళు నూరుతుంది. "నీకేం తక్కువని రాత్రంతా నూరతావు? నా నిద్ర పాడు" అని విసుక్కుని ఆయన అటు తిరిగి పడుకున్నాడే తప్ప, ఊరందరి నోళ్ళూ చూసే మనిషి, ఒక్కనాడు లైటు వేసి ఆమె నోరు చూడలేదు. రాత్రిళ్ళు అరగకుండా తన పళ్ళకు తొడుగు తనే అచ్చు తీసి తనే చేసుకుంది.

ఆయన ఆఖరుసారన్న ఆ బుధవారం మెట్లెక్కేసరికి కౌన్సెలర్ పైమెట్టు మీదే ఎదురైంది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. టీచరు వచ్చిందని చెప్పింది. రెండో వేరు చీముపట్టి దవడ వాచింది, ఒళ్ళు కాలిపోతోంది, వాపు మెడలోకి దిగుతోంది. పెద్దాసుపత్రికి పోదామంటే, తెలియనివాళ్ళు తనను పడుకోబెట్టి మత్తిస్తే అక్కడే చచ్చిపోతాను, దానికంటే ఇలా చావడమే నయమంటోంది.

"మీరు చూడలేదని చెప్పండి, మేడమ్" అంది గొంతు తగ్గించి. "కళ్ళు పన్నుమీద ఉన్నాయి, చెయ్యి కనపడలేదని చెప్పండి. నమ్మాలనే ఆమెకీ ఉంది. ఇవాళకి నమ్మనివ్వండి. ప్రాణం నిలబడితే తక్కినవి తర్వాత చూసుకుందాం."

ఎప్పుడూ అబద్ధం ఆడని మనిషి అలా అన్నదంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో ఆమెకు అర్థమైంది.

టీచరు కుర్చీలో లేదు. డాక్టరు కూర్చునే స్టూలు మీద, తలుపుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఎడమ చెంప నున్నగా, మెరుస్తూ వాచింది. మాట దవడ కదలకుండా వస్తోంది.

"ఆ రోజు నేను చెయ్యి ఎత్తాను. చూశారా?"

అబద్ధం సిద్ధంగా ఉంది. చిన్నది, దయగలది, పనికొచ్చేది. తన జీవితమంతా అలాంటివాటిమీదే కాపురం చేసింది.

"చూశాను. చూసే లాగాను."

టీచరు కళ్ళు మూసుకుంది. తలుపవతల నిలబడ్డ కౌన్సెలర్ గోడకు చేరగిలబడింది. ఈ మనిషి ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఆ చీము ఎటు దిగుతుందో, ఊపిరి ఎప్పుడు అందకుండా పోతుందో డాక్టరమ్మకు తెలుసు. తెలిసీ ఏమీ చేయలేదు. చెయ్యి పట్టుకుని ఆపే హక్కు తనకు లేదు. ఆ హక్కు తనే పోగొట్టుకుంది.

"వాళ్ళలో ఒక్కడూ చూశానని చెప్పలేదు" అంది టీచరు చివరికి. తర్వాత కుర్చీవైపు చూపించింది. "పడుకోండి."

డాక్టరమ్మ ఫోను తీసి ట్రేలో పెట్టి, కుర్చీలో వాలింది. ఇన్నేళ్ళలో తను ఆ కుర్చీలో ఎన్నడూ పడుకోలేదు. అక్కడినుంచి పైకప్పు మీద చెమ్మ మరక కనిపిస్తుంది, లైటు కనిపిస్తుంది, లైటుకూ తనకూ మధ్య తలకిందులుగా ఒక ముఖం. టీచరు అద్దం ఆమె అరచేతిలో పెట్టి, చూడనిచ్చి, తీసుకుంది.

"నొప్పి పుడితే చెయ్యి ఎత్తండి. నొప్పి లేకపోయినా ఎత్తండి. ఆపుతాను."

అవి తన మాటలే. అద్దం నోట్లోకి వచ్చింది. పట్టుకోవడం తెలియని చెయ్యి, అందులోనూ జ్వరంతో కాలుతున్న చెయ్యి. కాడ అంగిట్లో గుచ్చుకుంది. డోకు వచ్చింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. పాపం, ఆమెకు అలవాటు లేదు, కొంచెం ఓర్చుకుంటే సరిపోతుంది అనుకుంది డాక్టరమ్మ. అనుకున్నాక ఆ మాట ఎవరిదో గుర్తుపట్టింది. చెయ్యి ఎత్తాలనుకుంది. కుడిచెయ్యి కుర్చీ చేతిమీదే ఉంది. విరగకుండా వేరు లాగగల చెయ్యి, కాలరు మీద ముడత ఉంచని చెయ్యి. ఆ ఒక్క పని దానికి తెలియలేదు. వేళ్ళు కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

అద్దం బయటికి వచ్చింది.

"మీ దవడపళ్ళు కొండల్లా ఉండాల్సింది. పీఠభూమిలా ఉన్నాయి. ఎవరు చేశారు?"

"నేనే. నిద్రలో."

"నా పళ్ళు విరగ్గొట్టినవాళ్ళకి జీతాలిచ్చేవాళ్ళు. మీరు ఉత్తినే చేసుకున్నారా?"

మళ్ళీ అద్దం. మళ్ళీ ఆ కాడ అంగిట్లో. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. చెయ్యి లేవలేదు.

"మీకు చెయ్యి ఎత్తడం రాదు" అంది టీచరు. అందులో నిష్ఠూరం లేదు. పిల్లవాడు గీసిన పటంలో నది ఎక్కడ తప్పిందో చూపించినట్టు అంది. "ఎత్తడం రానివాళ్ళకి ఎదుటివాళ్ళ చెయ్యి కనిపిస్తుంది గానీ, ఆపాలని తట్టదు. అంతే. అది నేర్చుకోకుండా నా నోరు ముట్టుకోకండి."

అప్పుడే ట్రేలో ఫోను అదరడం మొదలుపెట్టింది. ఎవరో చూడనక్కరలేదు. చెప్పావా, బయల్దేరావా అని. కుడిచెయ్యి కుర్చీని వదిలి, ముప్ఫయ్యేళ్ళ అలవాటుతో, తనంతట తనే ఫోను వైపు కదిలింది. ఆమె దాన్ని చూస్తూ ఉంది. సగం దారిలో అది ఆగింది. గాలిలో ఎవరిదో అన్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత, బరువైనదాన్ని మోస్తున్నట్టు, నిటారుగా పైకి లేచింది.

అద్దం ఆ క్షణమే బయటికి వచ్చింది. ఎందుకని టీచరు అడగలేదు.

"దించండి" అంది. దించింది. అద్దం లోపలికి వచ్చింది.

"మళ్ళీ."

ఫోను స్టీలు ట్రేలో గిలగిల కొట్టుకుంటూ అంచుదాకా జరిగి, కింద పడింది. నేలమీద కూడా అదురుతూనే ఉంది. ఆమె చెయ్యి పైనే ఉంది.