అరచేతి కింద ఫ్యాను

చూపులేని ఆ అనువాదకుడికి కంప్యూటర్‌లోని గొంతు తెరను చదివి వినిపిస్తుంది. అప్‌డేట్ వేయకపోతే రేపటి నుంచి ఆ గొంతు పనిచేయదు, ఆయన పనీ సాగదు. వేస్తున్నంతసేపూ మాత్రం అది పలకదు. అప్పుడు తెర మీద ఏముందో భార్య చెబుతూ ఉండేది. ఆమె పోయి మూడు నెలలైంది. అప్పటినుంచీ ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు.

"నేను పక్కన కూర్చుంటా మామయ్యా. అది మూగబోయినంతసేపూ ఏం చేస్తారు?" అంది కోడలు.

"కాచుకుంటా. మీ అత్తయ్య అలిగినప్పుడు కాచుకోలేదా? నువ్వు ఆఫీసుకి వెళ్ళమ్మా."

ఆమె వెళ్ళాక మీట నొక్కాడు. గొంతు ఆగింది. కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, లోపలి ఫ్యాను హోరు వింటూ కూర్చున్నాడు. కాసేపటికి హోరు తగ్గి, పూర్తిగా ఆగిపోయింది. చెయ్యి పెట్టెను ఆపి మళ్ళీ వేసే మీట దాకా పోయింది. మధ్యలో ఆపితే అంతా పాడవుతుందని భార్య అనే మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

అరచేతి కింద పెట్టె మళ్ళీ వణికింది.

"స్వాగతం," అంది గొంతు.

ఆయన లేచి నిలబడి కోడలికి ఫోన్ చేశాడు. "అయిపోయిందమ్మా, ఒక్కణ్ణే చేశా! నీ కంప్యూటర్‌కీ వేయాలంటే సాయంత్రం పట్టుకురా."