చెప్పు చూపించిన టీచరు

“టీచర్! కదులుతోంది!”

మైక్రోస్కోపుకి కన్ను అతికించిన పిల్ల అరవగానే తరగతి తరగతంతా ఆ బల్ల మీద పడింది. అందరూ వాగుడుకాయ అని పిలిచే ఆ పిల్ల నోట మరో మాట రాలేదు. సైన్సు టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క చుక్క కోసమే ఎండుగడ్డి నానేసిన నీళ్ళ సీసా వారంపాటు ఆమె వంటింటి కిటికీలో కంపు కొట్టింది. కొత్త మొగుడు ముక్కు మూసుకుని టీ కాచుకున్నాడే గాని, పారబొయ్యమని ఒక్కసారీ అనలేదు.

కబురందుకుని హెడ్‌మేడమ్ వచ్చారు. పక్కనున్న ఖాళీ గదిలో విరిగిన బెంచీలు పడేయిద్దామని ఆవిడ ఆలోచన. దాన్ని ప్రయోగశాల చెయ్యాలని టీచరు పట్టు.

“ఈ నీళ్ళలో ప్రాణమున్నది నా కంటికి కనబడిందా, గది నీదేనమ్మా. లేదా, బెంచీలది,” అంటూ మేడమ్ వంగారు. “అమ్మో, నల్లగా ఎన్ని కాళ్ళో! ఆడుతున్నాయి కూడా!”

“అవి మీ కనురెప్పల వెంట్రుకలు మేడమ్. కాస్త వెనక్కి జరగండి.”

పిల్లలు కిసుక్కుమన్నారు. మేడమ్ జరిగారు.

“ఇప్పుడేమీ లేదు. ఏదో సర్రున పోయింది. దుమ్మేమో.”

టీచరు తడబడలేదు. పరుగెత్తేవాటిని ఎలా ఆపాలో ఆమెకి తెలుసు. దూదిని పీచులుగా విడదీసి గాజుపలక మీద పరిచింది. దాని మీద కొత్త చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ళ కప్పింది. పోగుల సందుల్లో అవి నెమ్మదించాయి.

“ఇదిగో మేడమ్, చెప్పు!”

“ఏం చెప్పమంటావు?”

“చెప్పడం కాదండీ. చెప్పు. కాలికి వేసుకునేది.”

మేడమ్ తలెత్తారు. “నాకు చెప్పు చూపిస్తున్నావా?”

వాగుడుకాయకి అప్పుడు నోరు తిరిగొచ్చింది. “దాని ఆకారమే చెప్పులా ఉంటుంది మేడమ్! ఒట్టు! పారమీసియం దాని పేరు!”

మేడమ్ అనుమానంగానే మళ్ళీ వంగారు. ఈసారి ఎంతకీ లేవలేదు.

“పోగుకి తగిలింది... వెనక్కి తగ్గింది... అబ్బో, పక్క సందు చూసుకుంది! ఒళ్ళంతా నూగు, సన్నగా వణుకుతోంది. ఎంత ముద్దుగా ఉందే పిల్లా ఇది!”

టీచరు నవ్వు ఆపుకోలేదు. “మరి గది, మేడమ్?”

“నీదే. ఆ బెంచీలు వరండాలో ఏడుస్తాయిలే.” మేడమ్ కన్ను తియ్యకుండానే అన్నారు. “రేపు పొద్దున్నే గది ఊడిపిస్తాను. ఈ మైక్రోస్కోపు అక్కడ పెట్టు. టీచర్లందరినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ నేనే స్వయంగా చెప్పు చూపిస్తా!”